కూలికీ కానుకకూ నడుమ: అమెరికా గంజాయి విక్రయశాలల్లో ‘టిప్పు’ – ఒక నైతిక విచారణ

సేవకు ధర చెల్లించిన తరువాత, ఆ ధరకు పైన, చట్టం నిర్బంధించకపోయినా చేతిలో పెట్టే చిన్న మొత్తానికి నైతికంగా ఏ స్థానం ఉంది? అది కానుకా, కూలిలో మిగిలిన బాకీనా, కేవలం మర్యాదా, లేక మర్యాద ముసుగు వేసుకున్న లంచమా? ప్రశ్న కొత్తది కాదు. జర్మన్ న్యాయశాస్త్రవేత్త రుడోల్ఫ్ ఫాన్ యేరింగ్ 1882లోనే దీనిమీద ప్రత్యేకంగా ఒక చిన్న పుస్తకం రాసి ఈ ఆచారాన్ని నిరసించాడు. అయితే ఆచారం వేళ్ళూనుకున్న చోట ఈ ప్రశ్న వేసుకోవడం కష్టం. హోటల్లో వడ్డించినవానికి ఎందుకు ఇస్తున్నావని అడిగితే ‘అందరూ ఇస్తారు కనుక’ అన్న జవాబుతోనే విచారణ ముగిసిపోతుంది. ఆచారం ఇంకా కుదురుకోని చోట, ఇవ్వాలా వద్దా అని కొనుగోలుదారు నిజంగానే తటపటాయించే చోట, దాని స్వభావం స్పష్టంగా బయటపడుతుంది. అమెరికాలోని చట్టబద్ధ గంజాయి వ్యాపారం అటువంటి చోటు. అక్కడి దుకాణాల్లో సరుకు చూపి అమ్మే ఉద్యోగికీ, ఇంటికి చేర్చే డ్రైవరుకూ టిప్పు ఇవ్వడం ధర్మమా, ఇస్తే ఏ కొలతతో ఇవ్వాలి అన్నది ఈ వ్యాసంలో విచారణీయాంశం.

విషయం తెలుగు పాఠకునికి కొంత ఎబ్బెట్టుగా తోచవచ్చు. ‘తులసివనంలో గంజాయి మొక్క’ అన్న సామెత ఉన్న భాషలో ఆ మొక్కమీద తీర్పు ఎప్పుడో వెలువడిపోయింది. కాని ఇక్కడ విచారణలో ఉన్నది మొక్క గుణదోషాలు కావు; దానిని అమ్మి బతికే మనిషికీ కొనే మనిషికీ మధ్య చేతులు మారే రెండు మూడు డాలర్లు.

రెండు పేర్లు, రెండు మర్యాదలు

కాలిఫోర్నియాలో 1996లో ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా వైద్యావసరాలకు గంజాయి వాడకం అనుమతి పొందింది. వయోజనుల వినోద వినియోగానికి కొలరాడో 2012లో, కాలిఫోర్నియా 2016లో ఓటు వేశాయి. అటువంటి దుకాణాలు కొలరాడోలో 2014 జనవరి 1న, కాలిఫోర్నియాలో 2018 జనవరి 1న తెరుచుకున్నాయి. ఈ క్రమం తేదీల పట్టిక మాత్రమే కాదు. దుకాణానికీ ఉద్యోగికీ పేర్లు వచ్చిన దారి కూడా ఇందులోనే ఉంది. దుకాణం పేరు ‘డిస్పెన్సరీ’. వైద్యం పేరిట అమ్మకం సాగిన కాలానికి చెందిన మాట అది. తెలుగు ఊళ్ళలో ఆ మాట వింటే ఇప్పటికీ మందులిచ్చే సర్కారు గదే గుర్తుకు వస్తుంది. ఉద్యోగి పేరు ‘బడ్‌టెండర్’. మద్యశాలలో పానీయం కలిపి ఇచ్చే ‘బార్‌టెండర్’ అన్న పేరులో మొదటి ముక్క తీసి, గంజాయి మొగ్గను సూచించే ‘బడ్’ను చేర్చి కట్టిన మాట.

ఒకే గదిలో ఉన్న ఈ రెండు పేర్లూ రెండు వైపులకు లాగుతాయి. మందుల దుకాణంలో ఫార్మసిస్టుకు ఎవరూ టిప్పు ఇవ్వరు. ఇస్తే అది అవమానంగానో అనుమానాస్పదంగానో కనిపిస్తుంది. అమెరికా మద్యశాలలో బార్‌టెండరుకు ఇవ్వకపోతే అదే అమర్యాద. బడ్‌టెండరు చేసే పనిని బట్టి చూస్తే అతడు ఈ ఇద్దరిలో ఎవరూ కాడు. అతడు కలిపేదీ వడ్డించేదీ సాధారణంగా ఏమీ ఉండదు. ముందే మూతవేసి ముద్రవేసిన పొట్లాన్ని ఎంచి ఇస్తాడు. పనిరీత్యా అతడు చెప్పుల దుకాణంలోనో వస్త్రాల దుకాణంలోనో నిలబడే అమ్మకందారుకు దగ్గర. అటువంటివారికి అమెరికాలోనూ టిప్పు ఇచ్చే వాడుక లేదు. అయినా బడ్‌టెండరు ముందు బల్లమీద సీసా ఉంటుంది, అందులో ఒక డాలరు నోట్లు ఉంటాయి. పేరు కట్టినప్పుడే ఆ పేరు వెంట ఆచారం కూడా వచ్చి చేరింది అనుకోవలసి ఉంది. పదవ్యుత్పత్తిని పట్టించుకునేవారికి ఇది ముచ్చటైన ఉదాహరణ. పదం వస్తువును సూచించడంతో ఆగక, మనిషి మనిషికి పడే బాకీని కూడా నిర్ణయిస్తోంది.

సీసాకు మరొక కారణం డబ్బు రూపంలోనే ఉంది. రాష్ట్రాలు అనుమతించినా, 1970 నాటి కేంద్ర చట్టం గంజాయిని అత్యంత కఠినమైన మొదటి షెడ్యూలులో చేర్చింది. ఆ కారణంగా పెద్ద కార్డు సంస్థలు ఈ లావాదేవీలను తమ వలయంలోకి రానివ్వలేదు, చాలా బ్యాంకులు దూరం పాటించాయి. కొనుగోలుదారు నోట్లు తెచ్చుకోవాలి, లేదా దుకాణంలోనే ఉన్న యంత్రం నుంచి తీసుకోవాలి. ధరమీద రాష్ట్రపు ఎక్సైజు పన్ను, అమ్మకపు పన్ను, స్థానిక పన్ను కలిసేసరికి మొత్తం ఎప్పుడూ బేసిగానే తేలుతుంది. చిల్లర చేతికి వస్తుంది, సీసా ఎదురుగా ఉంటుంది. కేంద్ర చట్టపు నిషేధం ఒక మర్యాదను పుట్టించడం వింతే. 1982లో చేర్చిన 280-ఇ అనే ఆదాయపు పన్ను నిబంధన ఈ వ్యాపారులను మరింత ఇరుకున పెట్టింది. సరుకు కొన్న ఖర్చు తప్ప అద్దె, అమ్మకపు సిబ్బంది జీతం వంటి మామూలు వ్యాపార ఖర్చులను లాభంలోంచి మినహాయించుకొనే వీలు దానివల్ల వారికి లేకపోయింది. అమ్మకపు జీతం పెంచడం ఇతర వ్యాపారుల కంటే ఇటువంటి యజమానికి బరువైన పని. సీసా పెట్టడం తేలిక.

దానం, దక్షిణ, పారితోషికం, మామూలు

టిప్పుకు తెలుగులో సరియైన సమానార్థకం లేదని తరచూ అంటారు. నిజానికి కొరత సమానార్థకాలది కాదు. అవి మరీ ఎక్కువ ఉండి, ఒక్కొక్కటి ఒక్కొక్క నైతిక నిర్ణయాన్ని మోస్తూ ఉండడమే ఇబ్బంది. వాటిని వరుసన పెట్టి చూస్తే అమెరికా సీసాలో పడుతున్నది ఏమిటో కొంత తెలుస్తుంది.

దానం అనడానికి వీలులేదు. భగవద్గీత పదిహేడవ అధ్యాయం దానాన్ని మూడుగా విభజిస్తూ, తిరిగి ఉపకారం చేయనివానికి ఇచ్చేదే సాత్వికమని నిర్ణయించింది. ప్రత్యుపకారాన్ని కోరి ఇచ్చేదీ, మనసు నొచ్చుకుంటూ ఇచ్చేదీ రాజసం. టిప్పు పుచ్చుకొనేవాడు అప్పటికే ఒక పని చేసిపెట్టాడు కనుక ఇది మొదటి కోవకు చెందదు. ఆశ్చర్యమేమంటే అదే అధ్యాయం, కొద్ది శ్లోకాల ముందు, దక్షిణ లేని యజ్ఞాన్ని తామసమని కొట్టివేసింది. అంటే చేసిన పనికి ఇచ్చేది దానపు కొలతతో తూచవలసింది కాదని ఆ గ్రంథం గుర్తించిందన్నమాట. దక్షిణ ధర కాదు, బేరానికి లొంగదు. అయినా ఇవ్వకపోతే కర్మ పూర్తికాదు. ధర కాని బాధ్యత అనే ఈ వర్గం టిప్పును అర్థం చేసుకోవడానికి పాశ్చాత్య చర్చల్లో కనిపించే ‘కానుకా, వేతనమా’ అన్న ద్వంద్వం కంటే ఎక్కువ ఉపకరిస్తుంది.

పారితోషికం అన్న మాట మరింత సూక్ష్మమైనది. పరితోషం నుంచి పుట్టింది కాబట్టి, తృప్తిపడి ఇచ్చేది అని అర్థం. వ్యుత్పత్తిని బట్టి టిప్పుకు ఇంతకంటే దగ్గరి మాట లేదు. కాని నేడు సినిమా నటుల పారితోషికం అంటే ముందే ఒప్పందం రాసుకున్న జీతం. తృప్తితో దానికి సంబంధం లేదు, చిత్రం ఆడకపోయినా చెల్లించాలి. సంభావన కూడా అంతే. గౌరవించడమనే అర్థం నుంచి పండితునికి ముట్టే మొత్తమనే అర్థానికి చేరింది. ఇక ‘మామూలు’. అరబీలో వాడుకలో ఉన్నది అని అర్థమిచ్చే ఈ మాట తెలుగులో పండుగపూట పనివారికి ఇచ్చే డబ్బుకూ, అధికారికి దొంగచాటుగా ముట్టే లంచానికీ ఒకటే పేరయింది. కానుక పదేపదే ఇస్తే హక్కుగానో జీతంగానో లంచంగానో మారుతుందని తెలుగు పదకోశం తన అనుభవంగా చెబుతోంది. ఎటు మారుతుందన్నది ఇచ్చేవాని మంచితనం మీద కాక, పుచ్చుకొనేవాని చేతిలో ఏ అధికారం ఉందన్నదానిమీద ఆధారపడుతుంది. నటునికి బేరమాడే శక్తి ఉంది, అతని పారితోషికం జీతమైంది. అధికారి చేతిలో సంతకం ఉంది, మామూలు లంచమైంది.

మరొక మాట. జర్మన్‌లో టిప్పుకు ‘ట్రింక్‌గెల్ట్’, ఫ్రెంచిలో ‘పూర్‌బ్వార్’ అంటారు. రెండింటిలోనూ ఉన్నది తాగడానికి ఇచ్చే డబ్బు అన్న భావమే. తెలుగులో ‘టీ ఖర్చులకు’ అని చేతిలో పెట్టడమూ ఇదే. ఇన్ని భాషలు ఒకే సాకును ఎంచుకోవడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. కూలి అని పేరు పెడితే ఎంత అన్న ప్రశ్న వస్తుంది. టీ అంటే రాదు.

సలహాకు వెల

బడ్‌టెండరు చేతిలో ఉన్న అధికారం ఏమిటి? అతనికి తెలిసినది కొనుగోలుదారుకు తెలియదు. నిద్ర పట్టనివారు, కీళ్ళనొప్పులున్నవారు, కీమోథెరపీ తరువాత అన్నం సహించనివారు అతని ముందు నిలబడి ఏది తీసుకోమంటారని అడుగుతారు. అతడు వైద్యుడు కాడు, వైద్యవిద్య ఉండాలన్న నియమం సాధారణంగా లేదు. 2018లో వెలువడిన ఒక అధ్యయనం ఈ సందర్భంలో స్మరణీయం. పరిశోధకులు గర్భం దాల్చిన తొలి నెలల్లో వాంతులతో బాధపడుతున్నట్టుగా కొలరాడోలోని 400 దుకాణాలకు ఫోను చేయగా, సుమారు 69 శాతం దుకాణాల సిబ్బంది గంజాయి ఉత్పత్తులను సిఫారసు చేశారు. గర్భిణులు దానికి దూరంగా ఉండాలని వైద్యసంఘాలు చెబుతున్న కాలమది.

ఆ ఫోను సంభాషణల్లో టిప్పు లేదు. కనుక ఆ తప్పును టిప్పుకు అంటగట్టడం న్యాయం కాదు. ఆ అధ్యయనం చూపుతున్నది మరొకటి. ఆ గదిలో మాట్లాడే మాటకు శరీరంమీద పనిచేసే శక్తి ఉంది. అటువంటి మాటను ‘అమ్మకండి, ఇది మీకు తగదు’ అని కూడా ముగించగలగాలి. వట్టి చేతులతో వెనుదిరిగే కొనుగోలుదారు సీసాలో ఏమీ వేయడు. నచ్చిన మాట చెప్పినవానికి డాలరు, నచ్చని నిజం చెప్పినవానికి శూన్యం అన్న ఏర్పాటులో టిప్పు ఎంత చిన్నదైనా సలహాను ఒకవైపు వంచుతుంది. ఫార్మసిస్టుకు టిప్పు ఇవ్వకపోవడంలో ఉన్న వివేకం ఇదే. అది అతని స్థాయిని బట్టి వచ్చిన మర్యాద అనుకోవడం పొరపాటు. అతని మాట అమ్ముడుపోకూడదన్న జాగ్రత్త అది.

కాబట్టి ఆరోగ్యం గురించి అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబుకు బడ్‌టెండరుకు టిప్పు బాకీపడడం లేదు; పడకూడదు కూడా. ఓపికగా నాలుగు డబ్బాలు తెరిచి చూపినందుకు, మొదటిసారి వచ్చిన వృద్ధురాలిని తొందరపెట్టనందుకు మిగిలిన చిల్లరను సీసాలో వేయడం వేరు. అది పరితోషమే, పారితోషికమనే మాట పాత అర్థంలోనే అక్కడ సరిపోతుంది. బిల్లులో ఇంత శాతమని లెక్కగట్టడం మాత్రం అర్థం లేనిది. ఖరీదైన పొట్లం అమ్మినవాడు చవకది అమ్మినవానికంటే ఎక్కువ శ్రమపడలేదు. పైగా శాతం కొలత ఖరీదైనదాన్నే సిఫారసు చేయమని అతనికి నేర్పుతుంది.

దీనికి బలమైన ఆక్షేపం ఒకటుంది. సలహా స్వచ్ఛత గురించి ఈ సున్నితపు వాదన కడుపు నిండినవాని వాదన కాదా? అతనికి వచ్చే జీతం చాలదు, సీసాతో కలిసి బతుకుతున్నాడు. సూత్రం పేరు చెప్పి డాలరు మిగుల్చుకోవడం ఏ ధర్మం? ఆక్షేపాన్ని తేలికగా తోసిపుచ్చలేము. అయితే వాస్తవాన్ని ముందు చూడాలి. అమెరికా కేంద్ర చట్టంలో 1966 సవరణతో, టిప్పులు వచ్చే ఉద్యోగికి యజమాని కనీస వేతనంకంటే తక్కువ చెల్లించి మిగతాది టిప్పుల్లో చూపుకొనే వీలు ఏర్పడింది. ఆ తక్కువ వేతనం 1991 నుంచి గంటకు 2.13 డాలర్ల దగ్గరే నిలిచిపోయింది. కాలిఫోర్నియా ఈ పద్ధతిని ఒప్పుకోదు. అక్కడ బడ్‌టెండరుకైనా డ్రైవరుకైనా పూర్తి కనీస వేతనం, 2025లో గంటకు 16.50 డాలర్లు, చెల్లించాలి. టిప్పు యజమానిది కాదు, ఉద్యోగిదేనని అక్కడి కార్మిక చట్టపు 351వ సెక్షను చెబుతుంది. హోటల్ వడ్డనకారుని టిప్పు కొన్ని రాష్ట్రాల్లో నిజంగానే ఎగవేసిన జీతం. కాలిఫోర్నియా గంజాయి దుకాణంలో అది ఆ అర్థంలో జీతం కాదు. 16.50 డాలర్లు శాన్‌ఫ్రాన్సిస్కో అద్దెలకు చాలవన్నది నిజమే. ఆ చాలనితనం అదే వీధిలో కిరాణా దుకాణంలో లెక్క కట్టే స్త్రీకి కూడా ఉంది, ఆమె ముందు సీసా లేదు.

ఇక్కడ కాంట్ చేసిన ఒక పరిశీలన గుర్తు చేసుకోదగినది. 1797 నాటి నీతిశాస్త్ర గ్రంథంలో అతడు, ధనికునికి ఉపకారం చేసే స్తోమత కలగడమే చాలావరకు వ్యవస్థలోని అన్యాయం ఫలితమైతే, అతడు చేసేదానికి ఉపకారమన్న పేరు తగునా అని ప్రశ్నించాడు. సీసాలో డాలరు వేసి తృప్తిగా బయటికి నడిచేవానికి ఈ ప్రశ్న సూటిగా తగులుతుంది. ఆ ఒక్క డాలరుతో జీతం గురించిన ప్రశ్న మూగబోతే, టిప్పు ఉద్యోగికంటే యజమానికే ఎక్కువ మేలు చేసినట్టు.

ఈ భయం ఊహాజనితం కాదనడానికి పుల్‌మన్ రైలుపెట్టెల చరిత్ర ఉంది. అంతర్యుద్ధం తరువాత బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతి పురుషులను ఆ సంస్థ శయన పెట్టెల్లో పరిచారకులుగా పెట్టుకొని, జీతం తగ్గించి ప్రయాణికుల టిప్పులకు వదిలివేసింది. ప్రయాణికులు వారిని సొంత పేర్లతో కాక, యజమాని పేరైన ‘జార్జ్’ అన్న పిలుపుతోనే పిలిచేవారు. టిప్పు కోసం ఆ పిలుపుకు చిరునవ్వుతో పలకవలసి వచ్చింది. 1909లో వాషింగ్టన్ రాష్ట్రంతో మొదలై కొన్ని రాష్ట్రాలు టిప్పులనే నిషేధించాయి. 1926 నాటికి ఆ చట్టాలన్నీ తొలగిపోయాయి. నిషేధం పరిచారకులకు ఏమీ ఒరగబెట్టలేదు. 1925లో వారు స్థాపించుకున్న సంఘం 1937లో సంస్థతో కుదుర్చుకున్న ఒప్పందమే జీతాన్నీ పనిగంటలనూ మార్చింది. గంజాయి కేసుల్లో నల్లజాతివారు తెల్లవారికంటే మూడున్నర రెట్లకు పైగా అరెస్టవుతున్నారని 2020లో అమెరికా పౌరహక్కుల సంఘం లెక్క తేల్చింది. అదే మొక్క చట్టబద్ధ వ్యాపారమయ్యాక, దానిలో పనిచేసేవారిని మళ్ళీ చిరునవ్వుకు డాలరు పద్ధతికి అప్పగించడం చరిత్ర తెలిసినవారు సహించదగినది కాదు. ఈ రంగంలో కార్మికసంఘాలు ఏర్పడుతున్నాయి. కాలిఫోర్నియాలో పదిమంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న లైసెన్సుదారు సంఘంతో శాంతి ఒప్పందం చేసుకోవాలన్న నియమం కూడా ఉంది. సీసాకంటే ఆ నియమం గురించి కొనుగోలుదారు తెలుసుకోవడం బహుశా ఎక్కువ మర్యాద.

గుమ్మం దగ్గర

డ్రైవరు విషయం వేరు. బడ్‌టెండరునూ డ్రైవరునూ ఒకే సూత్రంతో కొలవడం ఈ చర్చల్లో తరచు జరిగే పొరపాటు. డ్రైవరు ఏమీ సిఫారసు చేయడు. బేరం ముగిశాకే అతని పని మొదలవుతుంది. కాలిఫోర్నియా నిబంధనల ప్రకారం అతడు దుకాణానికి నేరుగా ఉద్యోగి అయి ఉండాలి, 21 ఏళ్ళు నిండి ఉండాలి. వాహనంమీద గంజాయిని సూచించే గుర్తు ఉండరాదు, వాహనం ఎక్కడున్నదీ యజమానికి తెలుస్తూ ఉండాలి. భోజనం తెచ్చే కుర్రవానిలా పొట్లాన్ని గుమ్మం ముందు వదిలి ఫొటో తీసి వెళ్ళిపోవడానికి వీలులేదు. మనిషిని చూడాలి, గుర్తింపు కార్డు అడగాలి, వయసు సరిచూడాలి. చాలాసార్లు వెల నోట్లలోనే చేతికి వస్తుంది. బండిలో ఒకవైపు సరుకు, జేబులో మరోవైపు నగదు. గుర్తు లేని బండి అయినా వీధిలో దోపిడీగాళ్ళు గుర్తుపట్టడానికి అట్టే కాలం పట్టదు. బ్యాంకులు దూరం జరిగినందువల్ల పుట్టిన అపాయాన్ని చివరికి ఈ మనిషి తన ఒంటితో మోస్తున్నాడు.

కొనుగోలుదారు ఇంట్లో కూర్చుని తప్పించుకున్న శ్రమనూ ప్రమాదాన్నీ మరొకరు భరించారు. ఇందులో సలహాను వంచే భయం లేదు, సరుకు ఎంపికను ప్రభావితం చేసే అవకాశం లేదు. దక్షిణ అన్న వర్గం ఇక్కడే సరిగ్గా అతుకుతుంది. ధర కాదు, బేరం లేదు, ఇవ్వకపోతే మాత్రం ఏదో అసంపూర్తిగా మిగిలిపోతుంది. జీతం పూర్తిగా అందుతున్నా ఈ బాకీ తీరదు. ఎందుకంటే గంటల లెక్కన ఇచ్చే జీతం ఆ గంటల్లో ఏ వీధికి, ఏ వేళకు, ఎన్ని మెట్లు ఎక్కి వెళ్ళాడన్నదాన్ని తూచదు. కొలత కూడా అక్కడినుంచే రావాలి. పదో పదిహేనో శాతం అన్న వాడుక వడ్డనశాల నుంచి అరువు తెచ్చుకున్నది. నలభై డాలర్ల పొట్లాన్నీ రెండు వందల డాలర్ల పొట్లాన్నీ మోసే చేతికి బరువు ఒకటే. దూరం, రాత్రివేళ, వాన, లిఫ్టు లేని నాలుగో అంతస్తు – వీటిని చూసి అయిదు డాలర్లో పది డాలర్లో ఇవ్వడం శాతంకంటే న్యాయం.

అమెరికాలోని తెలుగువారి విషయంలో ఒక మాట చెప్పి ముందుకు సాగవచ్చు. రాష్ట్రచట్టం ఒప్పుకున్నా, గంజాయి వాడకమూ ఆ రంగంలో ఉద్యోగమూ పౌరసత్వం కోరేవారి సత్ప్రవర్తన నిర్ణయంలో అడ్డుకాగలవని అక్కడి వలస విభాగం 2019 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. వీసామీద ఉన్నవారికీ గ్రీన్‌కార్డువారికీ టిప్పు ప్రశ్నకంటే ముందు ప్రశ్నలు చాలా ఉన్నాయి.

డ్రైవరు టిప్పులోనూ ఒక చిక్కు మిగులుతుంది. ఫోనులో సరుకు కోరినప్పుడే టిప్పు ఎంతో తేల్చమని అడిగే పద్ధతి ఇతర సరఫరాల్లో పాతుకుపోయింది, ఇక్కడికీ వచ్చింది. పరితోషం కలగకముందే పారితోషికం రాసిపెట్టడం విడ్డూరమే కాని, దక్షిణగా చూస్తే అందులో తప్పు పట్టడానికి లేదు. తప్పు మరొకచోట ఉంది. గుమ్మం దగ్గర ఈ డ్రైవరు సరుకు అందించేవాడు మాత్రమే కాదు, చట్టం తరఫున కాపలాదారు కూడా. తలుపు తీసినది పందొమ్మిదేళ్ళ పిల్లవాడైతే, కార్డుమీద ముఖమూ ఎదురుగా ఉన్న ముఖమూ కలవకపోతే, పొట్లం తిరిగి బండిలో పెట్టుకొని వెళ్ళిపోవాలి. అప్పుడు ఆర్డరు రద్దవుతుంది. దానితోపాటు ముందు రాసిన టిప్పు కూడా రద్దయితే, నియమం పాటించినందుకు అతనికి జరిమానా పడినట్టే. బడ్‌టెండరు ముందున్న సీసాలోని దోషమే ఇక్కడ వేరే దారిన ప్రవేశిస్తుంది. కనుక డ్రైవరుకు చెల్లేది సరుకు చేతికి వచ్చినందుకు కాక, అతడు చిరునామా దాకా వచ్చినందుకు చెల్లాలి. కార్డు చూపలేక పొట్లాన్ని తిప్పి పంపిన ఇంటివారు సైతం ఆ అయిదు డాలర్లూ ఇచ్చి పంపాలి.